అమెరికాలో ఇమ్మిగ్రేషన్ చట్టాల మీద లాబీయింగ్ చేస్తే పనిచేసేవాళ్ళ జీతాల్లో నిజంగా తేడా వస్తుందా?

వస్తుందండీ. కానీ ఏం అడుగుతున్నామన్నదాన్ని బట్టి వస్తుంది. మీ తమ్ముడి ఆఫీసులో స్థానిక ఉద్యోగులు హెచ్-1బీలు (కంపెనీలు విదేశీ ఉద్యోగుల్ని పెట్టుకునే వర్క్ వీసాలు) తగ్గించమని సెనేటర్‌కి పిటిషన్ పెట్టారనీ, దానివల్ల ఎవరి జీతమైనా పెరుగుతుందా అనీ అడిగారు. నేను 2013 నుంచి ఇక్కడ హెచ్-1బీ మీదే ఉన్నాను. 2019లో వాషింగ్టన్ వెళ్ళి కాంగ్రెస్ ఆఫీసుల్లో నా గోడు నేనే చెప్పుకుని వచ్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఎంతమంది వచ్చారన్న లెక్కతో జీతాలు పడిపోవు. వచ్చినవాడు కంపెనీ మారలేకపోతే పడిపోతాయి, వాడిదీ, వాడి పక్క సీటువాడిదీ.

ముందు ఒక కాగితం సంగతి చెప్పాలి. హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్ వేసేముందు కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీఏ, అంటే ఈ ఉద్యోగానికి ఇంత జీతం ఇస్తామన్న హామీ పత్రం, ఫైల్ చేస్తుంది. ఆ నోటీసు ఆఫీసులో రెండు చోట్ల, అందరికీ కనపడేలా, పది రోజులు అంటించాలి. 2018లో నాది ప్యాంట్రీలో మైక్రోవేవ్ పక్కన అంటించారు. పేరు ఉండదు గానీ ఉద్యోగం, జీతం అచ్చులో ఉంటాయి. ఆ పనిలో హెచ్-1బీ మీద ఉన్నది నేనొక్కణ్ణే, కాబట్టి ఎవరిదో అందరికీ తెలుసు. లంచ్ బాక్స్ లోపల తిరుగుతుంటే మా టీములో పెద్దాయన, ఇక్కడ పుట్టి పెరిగినవాడే, దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పైకెత్తి మరీ చదివాడు. "ఇంతేనా నీకిచ్చేది?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకీ నాకూ పని ఒకటే, రాత్రి ప్రొడక్షన్ పడిపోతే లేచేది మాత్రం నేను.

కొన్ని వారాల తర్వాత ఆయన ఇంక్రిమెంట్ అడిగితే, ఈ పోస్టుకి బడ్జెట్ ఇంతే అన్నారట. బయటికొచ్చి నాతో ఒక మాట అన్నాడు, కోపం లేకుండానే: "నువ్వు పోలేవని వాళ్ళకి తెలుసు. ఇక నాకెందుకు పెంచుతారు?"

ఆ మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. ఎందుకంటే నిజంగానే పోలేకపోయాను. ఏడాదికి 22 వేల డాలర్లు ఎక్కువిస్తామని బయటి నుంచి ఆఫర్ వచ్చింది. నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు క్యూలో నా స్థానం చెప్పే తేదీ, 2016. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది కాబట్టి ఆ డేటు పోదు, నిజమే. కానీ కొత్త కంపెనీ పర్మ్ (గ్రీన్ కార్డుకి ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి తెచ్చుకునే అనుమతి) మొదటి నుంచీ మొదలుపెట్టాలి. వాళ్ళు మధ్యలో చేతులెత్తేస్తే? ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి. మా ఆవిడ పనిచేసేది హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద, అది నా ఐ-140 మీద ఆధారపడి ఉంది. ఇద్దరి జీతం, పిల్లల బడి ఒక్క కంపెనీ సంతకానికి ముడిపడి ఉంటే ఎవడు కదులుతాడు? ఆఫర్ వదిలేశాను.

నా ఎల్‌సీఏ కాపీ తీసి చూస్తే లెవల్ 2 అని ఉంది. ఆ లెవల్స్ ఏమిటో ఇక్కడున్న మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. ఆ ఊళ్ళో ఆ పనికి వచ్చే జీతాలన్నీ కింది నుంచి పైకి పేర్చితే, లెవల్ 1 అంటే నూటికి 17వ స్థానం, లెవల్ 2 అంటే 34. సరిగ్గా నడుమ ఉన్నది లెవల్ 3. అంటే నడిమి జీతం కంటే తక్కువిచ్చి, దాన్నే "ప్రివేలింగ్ వేజ్" (అక్కడ నడుస్తున్న జీతం) అనుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. 2020 అక్టోబరులో ఈ 17ని 45కి పెంచుతూ రూలు తెచ్చారు. ముందుగా జనాభిప్రాయం తీసుకోలేదని రెండు నెలలు తిరక్కుండానే కోర్టులు కొట్టేశాయి.

ఇక వాషింగ్టన్. 2019 ఏప్రిల్‌లో, హెచ్.ఆర్. 1044 మీద. ఏడాదికి 1,40,000 ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న 1990 నాటి పరిమితిని తీసేసే బిల్లు అది. మనవాళ్ళ క్యూ ఇన్నేళ్ళు సాగేది ఆ పరిమితి వల్లే, గ్రీన్ కార్డు చేతికొస్తే కంపెనీ మారడానికి భయం ఉండదు. క్యాపిటల్ సౌత్ స్టేషన్‌లో దిగి, లాంగ్‌వర్త్ బిల్డింగులో బెల్టు విప్పి స్కానర్ దాటి, రోజంతా కారిడార్లలో నడవడమే. ప్రతి ఆఫీసు గుమ్మం పక్కనా ఒక రాష్ట్రం జెండా. సభ్యుడు దొరకడు. పాతికేళ్ళు నిండని స్టాఫర్ వస్తాడు, నోట్‌బుక్ పట్టుకుని. మా నియోజకవర్గం ఆఫీసులో కూర్చోడానికి గది కూడా ఖాళీ లేదు, గుమ్మంలోనే పావుగంట. మొదటి ప్రశ్న జిప్ కోడ్. ఓటు లేకపోయినా అక్కడ కాపురముంటే వింటారు, అది మాత్రం మెచ్చుకోవాలి. రెండో ప్రశ్న: "మీకు గ్రీన్ కార్డు ఇస్తే మా వాళ్ళ జీతాలు తగ్గవా?"

నేను ఎల్‌సీఏ మడత విప్పి చేతికిచ్చాను. లెవల్ 2 అన్న గడి మీద వేలు పెట్టి, ఆఫర్ సంగతి, పెద్దాయన అన్న మాట చెప్పాను. అతను రాయడం ఆపి, "ఇలాంటి కాగితం నాకెవరూ చూపించలేదు" అన్నాడు. కాపీ తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది, అతని మీద కాదు. ఇన్నేళ్ళూ అక్కడికి వెళ్ళినవాళ్ళంతా ఏం చూపించినట్టు?

కంపెనీల తరఫు లాబీయిస్టులు అడిగేది వీసాల సంఖ్య. 65 వేల కోటాని 1998లో 1,15,000కి, 2000లో 1,95,000కి పెంచారు, తాత్కాలికంగానైనా. అదే 1998లో, హెచ్-1బీల మీద ఎక్కువగా ఆధారపడే కంపెనీలు 60 వేల డాలర్లు జీతమిస్తే చాలు, స్థానికుణ్ణి తీసెయ్యలేదన్న హామీ అక్కర్లేదన్నారు. ఆ 60 వేలు ఈ రోజుకీ 60 వేలే. అవతలి పక్షం అడిగేది కూడా సంఖ్యే, తగ్గించమని. లోపల ఉన్నవాడి కాళ్ళకున్న తాడు విప్పమని అడిగేవాళ్ళు ఎంతమంది?

మనవాళ్ళనీ అనాలి. వాట్సాప్‌లో "డేట్లు కదిలాయా" అని వంద మెసేజీలు పెడతారు, ఫోన్ ఎత్తి తమ కాంగ్రెస్ సభ్యుడికి ఒక్క కాల్ చెయ్యరు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళు కొందరు ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. ఏటా సంబరాలకి కళాకారుల్ని రప్పించే సంఘాలు, నలుగురు సభ్యుల్ని వాషింగ్టన్ పంపడానికి టిక్కెట్లు కొనమంటే మొహం చాటేస్తాయి. నేను నా సెలవు పెట్టుకుని, నా డబ్బుతో వెళ్ళాను.

ఆర్థికవేత్తలు ఇప్పటికీ 1980 మయామీ దగ్గరే తగువులాడుకుంటున్నారు. క్యూబా నుంచి 1,25,000 మంది పడవల్లో వచ్చినా స్థానికుల జీతం తగ్గలేదని డేవిడ్ కార్డ్, హైస్కూల్ పూర్తి చెయ్యనివాళ్ళకి తగ్గిందని జార్జ్ బోర్హాస్. నాకు ఆ తగువు మా సమస్యకి అతకదు. ఆ వచ్చినవాళ్ళని ఏ వీసా ఒకే యజమానికి కట్టెయ్యలేదు.

బిల్లు ఏమైందంటారా? 2019 జులై 10న హౌస్‌లో 365–65తో గెలిచింది. సెనేట్ మార్పులతో 2020 డిసెంబరులో ఏకగ్రీవంగా ఒప్పుకుంది. రెండూ కలిపి ఒకటి చెయ్యకుండానే ఆ కాంగ్రెస్ గడువు తీరిపోయింది, బిల్లు పోయింది. మిగతా దేశాలవాళ్ళు ఎక్కువ కాలం ఆగాల్సొస్తుందన్న అభ్యంతరం కూడా ఉంది, అది కొట్టిపారేసేది కాదు. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. అంత పోసి తెచ్చుకున్న మనిషిని కంపెనీ ఇంకా గట్టిగా పట్టుకుంటుందే తప్ప వదులుతుందా?

అందుకని మీ తమ్ముడికి చెప్పండి. ఆ పిటిషన్ పెట్టినవాళ్ళని శత్రువుల్లా చూడొద్దు, కూర్చోబెట్టి తన జీతం చూపించమనండి. ఎల్‌సీఏ కాపీ దగ్గర లేకపోతే రేపే హెచ్‌ఆర్‌ని అడగమనండి, ఉద్యోగికి ఒక కాపీ ఇవ్వాల్సిందేనని రూల్లోనే ఉంది. అందులో లెవల్ ఎంతో చూసుకుని, వీలైతే ఆ స్థానిక ఉద్యోగిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యమనండి.