హోమ్ లోన్‌కి ముందు కార్డు బాకీని ఇంకో కార్డుకి మార్చుకోవచ్చా?

రెండు కార్డుల మీద 1,80,000 బాకీ ఉంది, మూడు నెలల్లో ఫ్లాట్‌కి లోన్ పెట్టాలి, ఈలోగా బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే మంచిదేనా అని అడిగారు. వద్దండీ. నేను చేసుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

2023లో సంగతి. మా చెల్లి పెళ్లిలో ఆఖరి రెండు రోజులూ నా కార్డే పెళ్లిపెద్ద. కేటరింగ్ వాడికి ఇవ్వాల్సిన మిగతా డబ్బులు, బట్టల షాపు, మగపెళ్లివారికి ఏసీ రూములు, అన్నీ గీకేశాను. తేలింది 2,40,000. మినిమమ్ డ్యూ, అంటే నెలకి కనీసం కట్టి తీరాల్సిన 12 వేలు మాత్రం కడుతూ, కడుతున్నాం కదా అనుకుంటూ నాలుగు నెలలు లాగించా. నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే 8,400, దానిమీద 18 శాతం జీఎస్టీ 1,512. నా పన్నెండు వేలల్లో అసలుకి పోయేది రెండు వేలు! నూటికి నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీ అన్నమాట. మా ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాణ్ణి జలగ అనేవాళ్లు. ఇక్కడ మాత్రం ‘ప్రివిలేజ్ కస్టమర్’ అని మనల్నే పొగుడుతారు. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ లాగకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే కొట్టేసింది. ఇక ఎవరితో చెప్పుకుంటాం.

సరే, అప్పుడొచ్చింది ఫోన్. ఇంకో బ్యాంకు కొత్త కార్డు ఇస్తాం, మీ పాత బాకీ మేమే కట్టేస్తాం, మీరు 24 నెలల్లో తీర్చుకోండి అని. వడ్డీ తక్కువే, అబద్ధం కాదు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దానికీ జీఎస్టీ. నెలకి 11,750 ఈఎంఐ పడింది. పాత కార్డు సున్నా అయ్యేసరికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. అదే నెలలో వినాయక చవితి ఆఫర్ అని ఆ ఖాళీ కార్డు మీదే టీవీ కొన్నాను. నా తెలివి అలాంటిది.

మూడు కిస్తీలు కట్టాక కూకట్‌పల్లిలో ఫ్లాట్ చూశాం. 65 లక్షలు. బిల్డర్‌కి అడ్వాన్స్ ఇచ్చేసి, 50 లక్షల లోన్ కోసం బ్యాంకుకి వెళ్లాం. ఫ్లాట్ ఇద్దరి పేరునా కాబట్టి మా ఆవిడా పక్కనే ఉంది. ఆ లోన్ల మేడమ్ మంచావిడే. వాడేసిన డిపాజిట్ స్లిప్పు తిరగేసి దాని వెనకాల పెన్సిల్‌తో లెక్క వేసింది. చేతికొచ్చే జీతం 92 వేలు. అందులో సగం, 46 వేలు దాటి ఈఎంఐలకి పోకూడదని వాళ్ల రూలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకైతే లక్షకి 868 రూపాయలు. ‘46 వేలకి 50 లక్షలు హాయిగా వచ్చేవి సార్’ అంటూనే మానిటర్ మావైపు తిప్పింది. ‘ఈ 11,750 తీసేస్తే 39కి మించి రాదు.’

ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మా ఆవిడ స్క్రీన్ వంకే చూస్తూ చాలా మెల్లగా అడిగింది, ‘ఏవండీ, ఈ కార్డు ఎవరిది?’ అని. మేడమ్ పాపం, స్టాప్లర్ వెతుక్కుంటున్నట్టు సొరుగులోకి వంగింది.

నెలకి 11,750 ఈఎంఐ పదకొండు లక్షల లోన్ మింగేసింది. ఇదొక్కటి అర్థమైతే చాలు, మిగతా సిబిల్ పాయింట్ల గోల, అంటే మన అప్పుల చరిత్రకి వేసే మార్కుల గోల తర్వాత. యూట్యూబ్‌లో అందరూ 750 స్కోరు, 750 స్కోరు అని చావగొడతారు. నాకు 760 ఉంది. ఏం చేసుకోను?

వుడ్‌వర్క్‌కని దాచుకున్న ఐదు లక్షల చిట్టీ ఉండేది. 90 వేలు తగ్గించి పాడుకున్నాం. కొత్త కార్డు బాకీ 2,14,000 ఒక్క దెబ్బకి కట్టేశాం. ముందే కట్టినందుకు 3 శాతం జరిమానా, మళ్లీ జీఎస్టీ, 7,600 దాకా. అప్పు తీరుస్తానన్నా జరిమానా వేసే దేశం మనది. చిట్టీ వాయిదా సిబిల్‌లో కనపడదు, మన జేబుకి మాత్రం కనపడుతుంది. బాకీ లేదని లెటర్ తెచ్చిచ్చాక లోన్ వచ్చింది. కప్‌బోర్డులు మాత్రం ఏడాదిన్నర రాలేదు, బట్టలన్నీ సూట్‌కేసుల్లోనే. చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆవిడ బెడ్‌రూమ్ తలుపు వేసేసేది.

మీ సంగతికొస్తే, లోన్ ఇంకో రెండేళ్ల తర్వాత అయితే ట్రాన్స్‌ఫర్ చేసుకోండి, వడ్డీ నిజంగానే మిగులుతుంది. మూడు నెలల్లోనే అంటే మాత్రం ఎక్కడో ఒకచోట తెచ్చి మొత్తం కట్టేయండి. కొత్త కార్డుకి అప్లై చేస్తే, ఆ బ్యాంకు మన గురించి ఆరా తీసిన సంగతి కూడా సిబిల్ రిపోర్టులో పడుతుంది. ఈఎంఐగా మార్చకుండా ఊరికే వదిలేసినా, చాలా బ్యాంకులు బాకీలో 5 శాతాన్ని నెలవారీ భారంగా లెక్కేస్తాయి. బంగారం తాకట్టు పెట్టినా రిపోర్టులో ఎక్కుతుంది, వడ్డీ మాత్రం కార్డుకంటే నయం. రికవరీ వాడు ‘సగం కట్టండి, సెటిల్ చేస్తాం’ అంటే మాత్రం ఒప్పుకోకండి. ‘సెటిల్డ్’ అన్న ముద్ర చూస్తే హోమ్ లోన్ వాళ్లు ఫైలు పక్కన పెట్టేస్తారు.

కట్టాక మీ రెండు కార్డుల్లో పాతది మూసేయకండి, సొరుగులో పడేయండి. తర్వాత తీసుకున్నది మూసేయొచ్చు. అడిగిన ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకి 500 చొప్పున వాళ్లే మీకివ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు, గట్టిగా అడగండి. నా రోజుల్లో సిబిల్ మారడానికి నెల పైన పట్టేది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి మీరు అదృష్టవంతులు. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఫ్రీ, బాకీ సున్నా అని మీ కళ్లతో చూసుకున్నాకే బ్యాంకు మెట్లెక్కండి.

అన్నట్టు, మీకు చిట్టీ ఏదైనా ఉందా? ఎన్నో నెల నడుస్తోంది?