ఎండమావని తెలిసినా కనిపిస్తూనే ఉంటుంది

టెక్కలి కుర్రాడి ఉత్తరం పోయిన నెలే అందాల్సింది. పిన్‌కోడ్ తప్పు రాశాడు, ఊళ్ళన్నీ తిరిగి వచ్చింది. ఈలోపు అదే దారిలో ఇంకో నాలుగు వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం మాయకే ఇచ్చేశాను. ఇన్వర్టర్ బ్యాటరీల గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో ‘ది మేట్రిక్స్’ సినిమా చూశాం. మనం చూసే లోకమంతా కంప్యూటర్లు మన బుర్రలకి చూపిస్తున్న కల అంటారు అందులో. సెలవులకి వెళ్ళినప్పుడు మా తాతకి కథ చెబితే, ‘ఏటుందిరా అందులో, శంకరాచార్యులు ఎప్పుడో సెప్పీసినాడు’ అని తేల్చేశాడు. రెండూ ఒకటేనా? వాళ్ళు మన దగ్గర కాపీ కొట్టారా?
— ఒక విద్యార్థి, టెక్కలి

జవాబు: ముందు మీ తాతగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. ఆయన మాటతో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం కోసం నా మీద కోప్పడొద్దని కూడా చెప్పు.

మన సంగతి వాళ్ళకి తెలియకపోలేదు. 2003లో వచ్చిన మూడో భాగం చివర పేర్లు పడేటప్పుడు వెనక వినిపించే పాటలో ‘అసతో మా సద్గమయ’ ఉంది. బృహదారణ్యక ఉపనిషత్తులోది. కానీ 1999 నాటి మొదటి భాగంలో హీరో దొంగ డిస్కులు దాచుకునే బోలు పుస్తకం బోద్రియార్ అనే ఫ్రెంచి ఆలోచనాపరుడిది. నన్నడిగితే ఆ కథకి అసలు తాత మరో ఫ్రెంచాయన, డెకార్ట్. మహా శక్తి, మహా జిత్తులు ఉన్న దుష్టభూతం ఒకటి నన్ను పొద్దస్తమానం మోసం చేస్తోందనుకుందాం, అప్పుడు నాకు ఖాయంగా తెలిసినదేమిటి అని 1641లోనే అడిగాడు. ఆ భూతాన్ని తీసేసి కంప్యూటర్ పెడితే సినిమా. ఇంకా వెనక్కి వెళ్తే నాస్టిక్కులని ఒక తెగ ఉండేది. (నాస్తికులు కాదు, ప్రూఫ్ చూసేవారు దయచేసి దిద్దకండి.) ఈ లోకాన్ని చేసింది పరమాత్మ కాదు, తక్కువరకం దేవుడొకడు, మనమంతా వాడి జైల్లో ఉన్నామని వాళ్ళ నమ్మకం. ఫిలిప్ కె. డిక్ లాంటి సైన్స్ ఫిక్షన్ రచయితని ఆ ఆలోచన చివరి దాకా వదల్లేదు.

శంకరుల దగ్గర ఆ మోసగాడు లేడు. తేడా అక్కడుంది.

చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, రాత్రి గేదెకి గడ్డి వెయ్యడానికి శాలలోకి వెళ్ళాను. గుమ్మం పక్కన చుట్ట చుట్టుకుని పాము. అరిచి గడ్డిమేటు ఎక్కేశాను. మా నాన్న లాంతరు పట్టుకొచ్చాడు. చూస్తే పలుపుతాడు, ఒక కొస తడిసి నిగనిగలాడుతోంది. నన్ను ఎవరు మోసం చేశారు? తాడు ఏ పాపమూ ఎరగదు. సగం పని చీకటి చేసింది, సగం నా భయం చేసింది. లాంతరు వచ్చాక పాము ఎక్కడికీ పారిపోలేదు, అది అసలు వస్తే కదా! ఇంకో సంగతి, తాడుని చూడటానికి నేను శాల దాటి బయటికి వెళ్ళలేదు. పాము కనిపించిన చోటే ఉంది తాడు.

సినిమాలో హీరో లేచి ఇంకో చోటికి వెళ్తాడు. అక్కడ ఓడ, చలి, జావ లాంటి తిండి. ఆ రెండో లోకం కూడా ఇంకో కంప్యూటర్ ఆటే కాదని పూచీ ఏమిటి? వేదాంతి మొదట అడిగే ప్రశ్న అదే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారడాన్ని ఆయన మోక్షం అనడు.

ఇక కాపీ మాట. వసిష్ఠుడు రాముడికి చెప్పినట్టుగా ఉండే యోగవాసిష్ఠంలో లవణుడనే రాజు కథ చదువు. నిండు సభలో ఒక ఐంద్రజాలికుడు నెమలిఈకల కుంచె ఆడిస్తాడు. రాజు కళ్ళు నిలిచిపోతాయి. ఒక గుర్రం ఆయన్ని అడవికి లాక్కుపోతుంది. ఆకలితో ప్రాణం పోతుంటే, తండ్రికి అన్నం మోసుకెళ్తున్న పిల్ల ఎదురై, పెళ్ళాడతానంటేనే పెడతానంటుంది. పెళ్ళి, పిల్లలు, ఏళ్ళకేళ్ళు కష్టం, చివరికి కరువు. బతకలేక మంటల్లో దూకి కళ్ళు తెరిస్తే సింహాసనం మీదే ఉన్నాడు. సభలో గడిచింది కాసేపే. ఇక్కడితో ఆపితే మామూలు కథ. మర్నాడు రాజు వింధ్య వైపు వెతుక్కుంటూ వెళ్తాడు. ఆ పల్లె అక్కడే ఉంది! అల్లుడినీ కూతురినీ తలుచుకుని ఏడుస్తున్న ముసలి అత్తగారూ ఉంది. ఇంత మెలిక నేను చూసిన ఏ సినిమాలోనూ లేదు. మీ తాతగారు గర్వపడాలంటే దీనికి పడొచ్చు.

ప్రశ్న: మా వారు రిటైరయ్యాక ఫోన్లో ప్రవచనాలు తెగ వింటున్నారు. గ్యాస్ బుక్ చెయ్యమన్నా, బియ్యం బస్తా తెమ్మన్నా ‘అంతా మాయ’ అంటారు. కాఫీ మాత్రం ఆరింటికల్లా కావాలి. మాయని నమ్మినవాళ్ళు ఇంటిపని చెయ్యకూడదా?
— ఒక గృహిణి, రాజాం

జవాబు: కాఫీ కూడా మాయే కదమ్మా, ఒక పూట ఖాళీ గ్లాసు ఇచ్చి చూడండి. ఇది వేళాకోళం కాదు, మూడొంతులు శాస్త్రమే.

వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో ‘వైధర్మ్యాచ్చ న స్వప్నాదివత్’ అని ఒక సూత్రం ఉంది. రెండో అధ్యాయం రెండో పాదంలో ఇరవై తొమ్మిదోది. మెలకువలో కనిపించేది కూడా కల లాంటిదే అనే బౌద్ధ విజ్ఞానవాదులతో శంకరులు అక్కడ వాదానికి దిగుతారు. కలలో చూసినది లేవగానే రద్దయిపోతుంది, మెలకువలో చూసిన స్తంభం లాంటివి అలా రద్దు కావు అంటారు. అవును, ఆయన ఎత్తుకున్న ఉదాహరణ స్తంభమే. మీ వారిని ఒకసారి విజయనగరం తీసుకురండి. సాయంత్రం ఆరింటికి గంటస్తంభం దగ్గర బండి అడ్డంగా ఆపి ‘ఇదంతా మాయ’ అనమనండి. వెనక హారన్లు కొట్టేవాళ్ళు సమాధానం చెబుతారు.

శంకరులు చెప్పిన అద్వైతంలో మూడు మెట్లున్నాయి. తాడు మీద పాము ప్రాతిభాసికం, ఒక్కరికి కాసేపు కనిపించేది. తాడు, బియ్యం బస్తా, గ్యాస్ బండ వ్యావహారికం, అందరికీ పనికొచ్చేవి. ఆ పైది పారమార్థికం, ఎప్పటికీ రద్దు కాని బ్రహ్మం. పై మెట్టు గురించి వినగానే కింది మెట్టు మీద అప్పులు మాఫీ కావు. బ్రహ్మజ్ఞానం కలిగేదాకా వ్యవహారమంతా నిజమేనని శంకరులే ఒప్పుకున్నారు. అది కలిగిందో లేదో మీ వారిని నేను అడగను, మీరే అడగండి.

ఆయన గట్టివారైతే గౌడపాదుల్ని తెస్తారు. శంకరుల గురువుకి గురువు, కలనీ మెలకువనీ ఒకే తక్కెడలో పెట్టిన మాట నిజమే. అయినా బియ్యం బస్తాకి అది అడ్డం కాదు. కలలోనైనా ఆకలేస్తే కలలో అన్నం తినాల్సిందేగా!

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో మా బాబు కంప్యూటర్ లోకాన్ని చూపించే వీఆర్ కళ్ళజోడు పెట్టుకుని పెద్ద మేడ అంచున బల్ల మీద నడిచే ఆట ఆడాడు. ఉత్తదే అని తెలిసి కూడా భయపడి కింద పడ్డాడు. తెలిశాక భయం పోవాలి కదా?
— ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: మీ బాబు ఒంటరివాడు కాదండి. పోయిన సంక్రాంతికి మా మనవరాలు బలవంతం చేస్తే నేనూ పెట్టుకున్నాను. పాదాల కింద సిమెంటు గచ్చు చల్లగా తగులుతూనే ఉంది. బల్ల మీద రెండడుగులు వేశాను, మోకాళ్ళు వణికాయి. ముప్ఫై రెండేళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, పక్కనున్న స్టాండు రాడ్ పట్టుకుని ‘తియ్యవే తల్లీ’ అన్నాను. దాని దగ్గర వీడియో కూడా ఉంది.

పాతవాళ్ళు దీన్ని కనిపెట్టారు. భ్రమలు రెండు రకాలన్నారు. తాడు మీద పాము తెలియగానే పోతుంది. ఎండమావి అలా కాదు, నీళ్ళు లేవని తెలిసినా కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది. దానికి ‘బాధితానువృత్తి’ అని పేరు. రద్దయ్యాక కూడా కొనసాగడం అన్నమాట. తారు రోడ్డు మీది గాలి వేడెక్కి పలచబడితే వెలుతురు వంగుతుంది. మన జ్ఞానంతో దానికి పనిలేదు. వీఆర్ కూడా అంతే. కళ్ళు ఎత్తు చూపిస్తాయి, చెవిలో ఉండే తూకపు యంత్రం కదల్లేదంటుంది. రెండూ కొట్టుకుంటే పిల్లాడు పడక ఏం చేస్తాడు?

కళింగపట్నం బీచ్‌కి సూర్యోదయానికి వెళ్ళారా? సూర్యుడి అడుగంచు సముద్రాన్ని తాకుతూ కనిపించే ఆ క్షణంలో సూర్యుడు ఇంకా మొత్తం కిందే ఉంటాడు. గాలి పొర వెలుతుర్ని వంచి ఇంచుమించు అర డిగ్రీ పైకి ఎత్తి చూపిస్తుంది, సూర్యబింబం వెడల్పూ దాదాపు అంతే. ఈ మాట చెబితే మా ఆవిడ ‘అయితే ఇప్పుడు దణ్ణం పెట్టాలా, ఆగాలా?’ అంది. పెట్టేశాం.

ప్రశ్న: మనం కంప్యూటర్ సిమ్యులేషన్‌లో, అంటే నకలు లోకంలో ఉన్నామని శాస్త్రవేత్తలు రుజువు చేశారంటూ వీడియోలు వస్తున్నాయి. నిజమేనా?
— పలాస నుంచి

జవాబు: కాదు. నిక్ బోస్ట్రమ్ అనే తత్వవేత్త 2003లో ఒక వాదం రాశాడు. మనలాంటి నాగరికతలు ఒక లోకాన్నే కంప్యూటర్లో నకలు చేసేంత శక్తి రాకముందే అంతరించిపోతాయి, లేదా శక్తి వచ్చినా పూర్వీకుల్ని అలా నకలు చేసే పని పెట్టుకోవు, లేదా మనం ఇప్పుడే నకల్లో ఉన్నాం. ఈ మూడింట్లో ఒకటి నిజం కావాలన్నాడు. మూడోదే నిజమనలేదు. వీడియోలవాళ్ళు మొదటి రెండూ మింగేశారు.

ప్రశ్న: మాది గార మండలం. శాలిహుండం బౌద్ధస్తూపాలు మాకు దగ్గరే. బౌద్ధుల శూన్యం అంటే ఏమీ లేదనా?
— ఒక టీచరు

జవాబు: మీ పెరటి సంగతి నన్ను అడుగుతున్నారు, సంతోషం. బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు చెప్పిన శూన్యానికి అర్థం ‘ఏమీ లేదు’ అని కాదు, ‘ఏదీ తనంతట తాను లేదు’ అని. వంశధారలో వరద ఉందంటే ఒడిశా కొండల్లో వాన ఉంది. వాన, వాలు, గట్టు తీసేసి ‘వంశధార’ ఒక్కదాన్నే చూపించమంటే ఎవరూ చూపించలేరు. అలాగని నది లేదని ఎవరూ అనరు, వరదొచ్చినప్పుడు అసలే అనరు.

శాలిహుండం కొండని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తిగారు. ఈ ఉత్తరాలన్నీ మీరు వాడుకభాషలో రాస్తున్నారంటే అందులోనూ ఆయన చెయ్యి ఉంది. అక్కడ దొరికిన విగ్రహాల్లో తారతో పాటు మరీచి అనే దేవత కూడా ఉంది. మరీచి అంటే కిరణం. ఎండమావిని సంస్కృతంలో మరీచిక అనడం ఆ మాటలోంచే వచ్చింది. ఈ సంగతి మీ పిల్లలకి తరగతిలో కన్నా కొండ మీదే చెప్పండి. కాకపోతే పొద్దున్నే బయల్దేరండి. నేను ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం స్కూటర్ మీద వెళ్ళాను. దారి పొడుగునా తారు మీద నీళ్ళు మెరుస్తూనే ఉన్నాయి, నా సీసా మాత్రం సగం దారిలోనే ఖాళీ అయింది. మనిషికి రెండు సీసాలు పట్టుకెళ్ళండి.