బ్యాటరీ మార్చాక డైవ్ కంప్యూటర్‌లో తేమ

చెన్నై పారిస్ కార్నర్‌లో వాచీ షాపులో మీ డైవ్ కంప్యూటర్‌కి (స్కూబా డైవింగ్‌లో లోతు, సమయం చూపే పరికరం) బ్యాటరీ వేయించాక, పుదుచ్చేరిలో డైవ్ చేస్తుంటే 14 మీటర్ల లోతు దగ్గర దాని గ్లాసు లోపల ఆవిరి పట్టి ఆగిపోయిందన్నారు కదా. సెన్సర్‌ని అనుమానించకండి, చాలావరకు ఓ-రింగే, అంటే బ్యాటరీ మూత కింద నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు రింగు. పాతదే మళ్లీ బిగించి ఉంటారు. గాడిలో ఒక్క వెంట్రుక అడ్డుపడినా చాలు, నీళ్లు దారి చేసుకుంటాయి.

ముందు ఫొటో తీసి, బ్యాటరీ ఊడదీయండి. బ్యాటరీ గదిని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి ఆరబెట్టండి. బియ్యం డబ్బాలో పెడితే తేమ పోతుందేమో, ఉప్పు పోదు! కాంటాక్టుల మీద పచ్చటి చిలుము ఉంటే ఇక సర్వీస్‌కే.

లేకపోతే మీ మోడల్ బ్యాటరీ కిట్‌లోని కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంతే రాయండి. ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది. గ్లాసుడు నీళ్లలో ముంచి చూస్తే లీకు తెలీదు, ప్రెషర్ పాట్ టెస్ట్ (లోతులో ఉండే ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) చేయించండి. చాలా మోడళ్లలో బ్యాటరీ తీస్తే ఒంట్లో చేరిన నైట్రోజన్ లెక్క చెరిగిపోతుంది, కాబట్టి డైవ్‌కీ డైవ్‌కీ మధ్య మార్చొద్దు.

వారంటీ అంటారా, బయట తెరిపించారు గనుక ఆశ తక్కువే. అయినా డీలర్ నోటిమాటతో సరిపెట్టుకోకండి, కారణం ఈమెయిల్‌లో రాయమనండి. మన దేశంలో కొన్న బిల్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కన్స్యూమర్ కేసు మీరుండే చెన్నైలోనే వేయొచ్చు.