సిగ్నల్ తెగితే డ్రోన్ ఏం చేస్తుంది?

ప్రశ్న: డ్రోన్ అంత దూరంలో ఎగురుతూ కూడా రిమోట్ చెప్పినట్టు ఎలా వింటుంది? మధ్యలో సిగ్నల్ తెగిపోతే నేల మీద పడిపోతుందా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పుకుంటే మొదటిది తేలికగా అర్థమవుతుంది. సిగ్నల్ తెగినంత మాత్రాన డ్రోన్ కింద పడాలని లేదు. దానిని గాలిలో నిలబెడుతున్నది రిమోట్ కాదు, దానిలోనే అమర్చిన ఫ్లైట్ కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్. ఒరుగుడును పసిగట్టే గైరోస్కోప్ వంటి సెన్సార్లు పంపే సమాచారాన్ని అది సెకనుకు వందల సార్లు చూసుకుంటూ, డ్రోన్ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్క మోటార్ల వేగం పెంచి సరిచేస్తూ ఉంటుంది. అంత వేగంగా స్పందించడం మనిషి చేతికి సాధ్యం కాదు. మీరు స్టిక్‌ను ముందుకు నెట్టినప్పుడు రిమోట్ నుంచి వెళ్లేది ముందుకు సాగమన్న ఆదేశం మాత్రమే. అందుకు ఏ మోటారు ఎంత వేగంగా తిరగాలో డ్రోనే లెక్క వేసుకుంటుంది.

ఆ ఆదేశం రేడియో తరంగాల మీద ప్రయాణిస్తుంది. మామూలు వినియోగదారులు వాడే డ్రోన్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల దగ్గర పనిచేస్తాయి. చాలా దేశాల్లో నిర్ణీత శక్తికి లోబడి వీటిని ఎవరైనా వాడుకోవచ్చు. ఆ కారణం చేతనే అక్కడ రద్దీ కూడా ఎక్కువ. వైఫై, బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉన్నాయి. ఇంత రద్దీలో ఒక రిమోట్ మాటను మరో డ్రోన్ వినకుండా ఉండాలంటే రెండు ఏర్పాట్లు కావాలి. మొదటిది బైండింగ్: రిమోట్‌నూ డ్రోన్‌లోని రిసీవర్‌నూ జత చేసినప్పుడు రిసీవర్ ఆ రిమోట్ గుర్తింపు సంఖ్యను దాచుకుని, ఆ సంఖ్య లేని ఆదేశాలను పట్టించుకోవడం మానేస్తుంది. రెండోది, ఇద్దరూ ముందే ఒప్పుకున్న వరుసలో ఒక పౌనఃపున్యం నుంచి మరోదానికి వెంటవెంటనే మారుతూ పోవడం. ఒక చోట అడ్డంకి ఎదురైనా తర్వాతి చోట ఆదేశం చేరుతుంది. ఇలాంటి ఆలోచనకు నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి 1942లో అమెరికాలో పేటెంట్ పొందారు. టార్పెడోకు పంపే ఆదేశాలను శత్రువు చెడగొట్టకుండా చూడడం వారి ఉద్దేశం. ఈ పద్ధతి రాకముందు రిమోట్ విమానాలు ఎగరేసేవారు ఒక్కొక్కరు ఒక్కో స్థిరమైన ఛానెల్ వాడేవారు. ఒకే మైదానంలో ఇద్దరు అదే ఛానెల్‌లో రిమోట్ ఆన్ చేస్తే విమానం కూలిపోయేది.

డ్రోన్ నుంచి తిరిగి వచ్చే సమాచారం కూడా ఉంటుంది. బ్యాటరీ స్థితి, ఎత్తు, స్థానం వంటి అంకెలను టెలిమెట్రీ అంటారు, వీటి పరిమాణం చాలా తక్కువ. కెమెరా వీడియో మాత్రం ఆదేశాలతో పోలిస్తే ఎన్నో రెట్లు పెద్దది. అందువల్ల దూరం పెరిగేకొద్దీ సాధారణంగా ముందు దెబ్బతినేది వీడియోనే. డిజిటల్ వీడియోలో చిత్రం మొదట గళ్లుగళ్లుగా విడిపోయి, ఆపై స్తంభిస్తుంది. ఈ స్తంభించిన చిత్రం విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం. తెర మీద ఖాళీ ఆకాశం కనిపిస్తూ ఉండగానే డ్రోన్ చెట్టు దాకా వెళ్లిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు స్టిక్ వదిలేసి డ్రోన్‌ను ఉన్నచోటే నిలవనివ్వడం మేలు.

ఆదేశాలు కూడా పూర్తిగా ఆగిపోతే ఫెయిల్‌సేఫ్ మొదలవుతుంది. ముందుగా చేసిన అమరికను బట్టి డ్రోన్ ఉన్నచోటే నిలుస్తుంది, లేదా దిగుతుంది, లేదా బయలుదేరిన చోటికి తిరిగి వస్తుంది. తిరిగి రావడానికి అది ఆధారపడేది జీపీఎస్ మీద. ఈ జీపీఎస్ మీ రిమోట్‌తో సంబంధం లేని వేరే ఏర్పాటు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాల సంకేతాలను డ్రోన్ కేవలం అందుకుంటుంది, వాటికి తిరిగి ఏమీ పంపదు. ఎగరేసే ముందు జీపీఎస్ కుదిరి, బయలుదేరే స్థానం నమోదయ్యే దాకా ఆగమని చెప్పేది ఇందుకే. తిరుగు ప్రయాణపు ఎత్తును చుట్టుపక్కల చెట్లూ భవనాలకన్నా పైన ఉండేలా ముందే పెట్టుకోవాలి. పందేల డ్రోన్లలో మాత్రం సిగ్నల్ తెగితే మోటార్లు ఆగిపోయేలా కావాలనే అమర్చడం మామూలు, ఎందుకంటే అదుపు లేకుండా దూసుకుపోయే డ్రోన్ కన్నా పడిపోయే డ్రోన్ వల్ల ప్రమాదం తక్కువ.

ప్రశ్న: పెట్టె మీద ఎన్నో కిలోమీటర్ల రేంజ్ అని రాసి ఉన్నా, కొన్ని వందల మీటర్లకే వీడియో ఆగిపోతోంది. డ్రోన్‌లో లోపం ఉన్నట్టా?

జవాబు: చాలాసార్లు లోపం డ్రోన్‌లో ఉండదు. ఆ అంకె అడ్డంకులూ ఇతర సిగ్నళ్ల రద్దీ లేని ఆరుబయట సాధ్యమైనది. ఏ అడ్డూ లేకపోయినా దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలు, తడి ఆకులు, చివరికి రిమోట్ పట్టుకున్న మనిషి శరీరం కూడా తరంగాలను అడ్డుకుంటాయి. డ్రోన్ కంటికి కనిపిస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే, చూపు గీత చుట్టూ కొంత ఖాళీ ఉండాలి. డ్రోన్‌ను కాస్త పైకి లేపగానే వీడియో బాగుపడడానికి కారణం ఇదే.

ముందుగా మీ యాంటెన్నాలను పరిశీలించండి. చాలామంది వాటి కొనలను డ్రోన్ వైపు గురిపెడతారు. యాంటెన్నా ఇరుసైతే తరంగాలు దాని చుట్టూ చక్రంలా పరుచుకుంటాయి, ఇరుసు కొన వైపు దాదాపు ఏమీ వెళ్లదు. బల్లపరుపుగా ఉండే యాంటెన్నాలైతే వాటి వెడల్పు ముఖం డ్రోన్ వైపు ఉండాలి. డ్రోన్ మీ వెనక్కు వెళితే మీరు కూడా అటు తిరగండి.

ప్రశ్న: డ్రోన్ పంపే వీడియోను ఇతరులు చూడగలరా? దారిలో దానిని అడ్డుకోగలరా?

జవాబు: ఈ రెండూ వేర్వేరు విషయాలు. ఎన్‌క్రిప్షన్, అంటే సరైన తాళంచెవి లాంటి కోడ్ ఉన్నవారికే అర్థమయ్యేలా సమాచారాన్ని మార్చడం, లేని వీడియోను తగిన రిసీవర్ ఉన్న ఎవరైనా చూడవచ్చు. ఇరాక్‌లోని సాయుధ బృందాలు అమెరికా సైన్యం వాడే ప్రిడేటర్ అనే డ్రోన్ల వీడియోను మార్కెట్లో దొరికే సాఫ్ట్‌వేర్‌తో పట్టుకున్నాయని 2009లో బయటపడింది. ఎన్‌క్రిప్షన్ ఉంటే సంకేతం అందినా అర్థం కాదు.

అడ్డుకోవడానికి అర్థం తెలియనక్కరలేదు. అదే పౌనఃపున్యాల్లో బలమైన రొద పుట్టిస్తే చాలు, దీనినే జామింగ్ అంటారు. జీపీఎస్‌ను కూడా జామ్ చేస్తే తిరిగి వచ్చే దారీ మూసుకుపోతుంది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధంలో ఈ బెడదను తప్పించుకోవడానికి ఇరుపక్షాలూ సన్నని ఆప్టికల్ ఫైబర్‌ను చుట్ట నుంచి వదులుతూ ఎగిరే డ్రోన్లను వాడుతున్నాయి. ఆదేశాలూ వీడియో కాంతి రూపంలో ఆ ఫైబర్‌లోనే సాగుతాయి కాబట్టి రేడియో జామింగ్ వాటిని తాకదు. అయితే చుట్ట మోయడానికి బరువు పెరుగుతుంది, ఫైబర్ కొమ్మలకు చిక్కి తెగే ప్రమాదం ఉంటుంది, చుట్ట పొడవును మించి డ్రోన్ వెళ్లలేదు.