పారిపోయేవాణ్ని కాల్చవచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, చిన్న బంగారు అంగడి. రాత్రి అంగడి కట్టేసి సరుకు సంచితో స్కూటీ మీద ఇంటికి పోతాను. ఈమధ్య ఇద్దరు కుర్రాళ్లు రెండు మూడు సార్లు బండి మీద నా వెంట వచ్చారు. పిస్టల్ లైసెన్సుకు పెట్టుకుందామనుకుంటున్నా. అమెరికావాళ్ల శిక్షణ వీడియోలు చూస్తున్నా: చొక్కా కింద నుంచి తుపాకీ లాగడం, కదులుతూ కాల్చడం వగైరా. లైసెన్సు వస్తుందా? వస్తే పులివెందుల వైపు మా మామగారి చీనీ తోటలో సాధన చేసుకోవచ్చా? సంచి లాక్కుని పారిపోతుంటే కాల్చవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిమ్మల్ని జైలుకు పంపేది అదే కాబట్టి. పారిపోయేవాణ్ని కాల్చకండి.

భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. 2024 జూలై 1కి ముందు ఇవే ఐపీసీలో 96 నుంచి 106. ఆస్తి కోసం ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు ఎప్పుడుంటుందో 41వ సెక్షన్ చెబుతుంది: దోపిడీ, పొద్దుగూకాక తెల్లవారేలోపు ఇంటికి కన్నం వేయడం, నిప్పు పెట్టడం, లేదా ప్రాణభయమో తీవ్రగాయం భయమో కలిగించే దొంగతనం. కత్తి చూపించి సంచి అడిగితే అది దోపిడీ. బండి మీద వచ్చి ఊరికే గుంజుకుపోతే 304 కింద స్నాచింగ్, అంటే ఒక రకం దొంగతనం. దానికి 42 ప్రకారం ప్రాణం పోనంత వరకే హాని చేయవచ్చు. వెంటపడండి, పట్టుకోండి, పెనుగులాటలో వాడికి దెబ్బలు తగిలినా సమర్థించుకోవచ్చు. తూటాను మాత్రం ప్రాణం పోకుండా కొలిచి వదలడం ఎవరి తరమూ కాదు. దోపిడీలోనైనా, వాడు కత్తి దించి వెనుదిరిగాక, భయం పోయాక, హక్కూ పోతుంది. తూటా వీపులోంచి దిగిందని పోస్ట్‌మార్టం రిపోర్టులో ఉంటే మీ లాయరు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. హద్దు దాటినా సదుద్దేశంతోనే దాటారని కోర్టు నమ్మితే హత్య కాస్తా నరహత్యకు (హత్య కిందికి రాని, శిక్ష తక్కువుండే నేరానికి) తగ్గవచ్చు. అప్పుడైనా శిక్ష శిక్షే.

నిజంగా మీద పడితే చట్టం అంత కఠినంగా ఉండదు. దర్శన్ సింగ్ కేసులో (2010) తండ్రి మీద గండ్రగొడ్డలి లాంటి ఆయుధంతో దాడి జరుగుతుంటే కొడుకు లైసెన్సు తుపాకీతో కాల్చాడు. సుప్రీంకోర్టు అతణ్ని వదిలేసింది. ఆపదలో ఉన్న మనిషి ఎంత బలం వాడాలో త్రాసులో తూచి వాడలేడని అంది. అయితే ఆత్మరక్షణ అని చూపించాల్సింది మీరే (భారతీయ సాక్ష్య అధినియం, అంటే సాక్ష్యాల చట్టం, 108). అనుమానాతీతంగా అక్కర్లేదు, నమ్మదగ్గట్టు ఉంటే చాలు.

ఇక సాధన. మీరు చూస్తున్న వీడియోలు వాళ్ల చట్టాలకు, వాళ్ల తుపాకులకు తగ్గట్టు తీసినవి. వాటిలో ఎక్కువగా కనిపించే 9 ఎంఎం మనకు నిషిద్ధ బోరు, అంటే మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని గొట్టం కొలత. మీకు దొరికేది పాయింట్ 32. తోటలో కాల్చడం నాకు అస్సలు నచ్చలేదు. ఆత్మరక్షణకిచ్చిన లైసెన్సు అంటే తోటలో రేంజి (కాల్పుల సాధన మైదానం) పెట్టుకొమ్మని కాదు. గట్టు దాటిన తూటా పక్క చేలో కూలీకి తగలొచ్చు. ఎవరికీ తగలకపోయినా, నిర్లక్ష్యంగా కాల్చి మనుషులను ప్రమాదంలో పెడితే ఆయుధాల చట్టం 25(9) కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మీ బామ్మర్ది ‘ఒక్కసారి ఇయ్యి బావా’ అని తీసుకుని కాల్చాడో, లైసెన్సు లేని తుపాకీ కేసు ఆయన మీద: రెండు నుంచి ఐదేళ్లు. మీరూ చిక్కుకుంటారు.

రైఫిల్ క్లబ్ రేంజిలో నేర్చుకోండి. అక్కడ గురువును ఎలా కాల్చాలో కంటే ఎప్పుడు కాల్చకూడదో ఎక్కువ అడగండి. హెల్మెట్ పెట్టుకుని, ఒక చెయ్యి బ్రేకు మీద, సంచి భుజాన ఉంటే తుపాకీ బయటికి వచ్చేసరికి వాళ్లు సందు తిరిగి ఉంటారు. వాస్తవానికి దగ్గరగా ఉండే సాధన అంటే ఇలాంటి స్థితిలో చేసేదే. బజారులో వాళ్ల వెనకాల ఎవరున్నారో చూడాలి. అమాయకులకు హాని కలిగే ప్రమాదం ఉన్నా కాల్చే హక్కు (న్యాయ సంహిత 44) మీ ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఉంటుంది. ఇంట్లో ఖాళీ తుపాకీతో లాగడం సాధన చేస్తే తూటాలు వేరే గదిలో, తాళం వేసి ఉంచండి.

లైసెన్సు సంగతి చివర్లో, క్లుప్తంగా. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. ఫారం ఎ-1లో కలెక్టరుకు దరఖాస్తు, భద్రతా శిక్షణ పూర్తి చేసిన పత్రం (ఎస్-1), పోలీసు నివేదిక. ఫ్యాక్షన్ చూసిన మన జిల్లాలో ఆ నివేదిక సులువుగా రాదు. వెంబడించిన సంగతి ఇప్పుడే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, బండి నంబరు, సీసీటీవీ దొరికితే జతచేయండి. నిరాకరిస్తే కారణాలు రాసివ్వమనండి, ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద అప్పీలుకు వెళ్లవచ్చు. వస్తే ఐదేళ్లకు వస్తుంది. ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్‌లో అప్పగించమంటారు, ఆ వారాల్లో మీ దగ్గరుండదు.

ఈలోగా రాత్రి సరుకు ఇంటికి మోసుకెళ్లడం మానేసి అంగట్లోనే మంచి సేఫ్ పెట్టించి, బీమా చేయించండి. ఆ ఇద్దరూ మళ్లీ కనిపిస్తే 112కి ఫోన్ చేయండి.