వూడూని చేతబడి అనవచ్చా?

సందేహం: అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో జరిగే ఒక డిటెక్టివ్ నవలను తెలుగు చేస్తున్నాను. అందులో వరసగా హత్యలు జరుగుతాయి, శవాల పక్కన వూడూ గుర్తులు దొరుకుతాయి. పరిశోధించేది ఒక నల్లజాతి స్త్రీ. నేను వూడూని 'చేతబడి' అని, ఆ హత్యలను 'చేతబడి హత్యలు' అని రాశాను. రాతప్రతి చదివిన మిత్రురాలు "అది వాళ్ళ మతం కదా, చేతబడి అంటావేంటి?" అన్నది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఇంతకీ 'ఊడూ' అని రాయాలా, 'వూడూ' అనా? 'నల్ల డిటెక్టివ్' అనవచ్చా? ఆమెను 'వచ్చింది' అనాలా, 'వచ్చారు' అనాలా?
– ఒక అనువాదకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీ మిత్రురాలు చెప్పినదే సరి. ఆ ఒక్క మాట మారితే మీ నవల అర్థమే మారిపోతుంది కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

తెలుగులో చేతబడి అన్నది ఒక పనికి పేరు. ఎదుటివాళ్ళకు కీడు జరగాలని చేసే పని, లేదా చేయించే పని. మాటలోనే 'చేత' ఉంది. "ఆ ఇంటికి ఎవరో ఏదో చేశారట" అంటే చాలు, ఏం చేశారని మనం తిరిగి అడగం. సంస్కృతంలో 'కృత్య' కూడా చేయడమనే అర్థమున్న ధాతువు నుంచే వచ్చి క్షుద్రప్రయోగానికి పేరైంది. తెలంగాణలో బాణామతి అంటారు, గోదావరి, విశాఖ మన్యాల్లో చిల్లంగి అంటారు. పేరు ఏదైనా అది నేరారోపణే. తరతరాలుగా మా ఇంట్లో చేతబడి ఉందని ఎవరూ గౌరవంగా చెప్పుకోరు.

వూడూ ఉందని చెప్పుకుంటారు. ఆ పేరు పశ్చిమ ఆఫ్రికాలోని ఫోన్ భాషది. అక్కడ 'వొదున్' అంటే దేవత, అదృశ్యశక్తి. ఒకప్పటి దహోమీ రాజ్యం నుంచి, అంటే ఇప్పటి బెనిన్ దేశం నుంచి, బానిసలుగా ఓడలెక్కించిన మనుషులతో పాటు ఆ మాట అట్లాంటిక్ దాటింది. హైతీలో అది 'వొడూ' అయింది. 1791లో బానిసల తిరుగుబాటు ఒక వొడూ పూజతో మొదలైందని హైతీవాళ్ళు చెప్పుకుంటారు. ఆ పోరాటం 1804లో హైతీ స్వాతంత్ర్యంగా ముగిసింది. అక్కడినుంచి క్యూబాకు చేరిన కాందిశీకులు 1809-10లో 9,000 మందికి పైగా న్యూ ఆర్లియన్స్‌కు వచ్చారు. ఆ ఊరి వూడూకి వాళ్ళ రాకతో కొత్త బలం వచ్చింది. 1881లో చనిపోయిన మేరీ లావో సమాధి దగ్గరకు ఇప్పటికీ జనం వెళ్తారు. ఆమె ఆ ఊళ్ళో పేరుమోసిన వూడూ పూజారిణి, చర్చికి వెళ్ళే కాథలిక్కు కూడా. 2003లో హైతీ ప్రభుత్వం వొడూని మతంగా గుర్తించింది. బెనిన్‌లో జనవరి 10న వొదున్ పండుగ చేసుకుంటారు. అందుకే కథ ఎక్కడ నడుస్తుంటే అక్కడి రూపం వాడండి. మీ ఊరు న్యూ ఆర్లియన్స్ కాబట్టి వూడూ.

బొమ్మకు సూదులు గుచ్చడం, శవాలను లేపడం లాంటివి బయటివాళ్ళు రాసిన కథలవల్ల, తీసిన సినిమాలవల్ల ఎక్కువగా వ్యాపించాయి. హైతీ అమెరికా సైన్యం అదుపులో ఉన్న 1915-34 మధ్య అవి బాగా పుట్టుకొచ్చాయి. 'చేతబడి' అని రాస్తే మనం ఆ కథలకే తెలుగు ముద్ర వేసినట్టవుతుంది.

వూడూలోని కొన్ని విషయాలకు తెలుగులో చక్కటి మాటలు ఇప్పటికే ఉన్నాయి. పూజ సాగుతుండగా 'ల్వా' అనే దేవత భక్తుడి మీదికి వస్తుంది. దేవత స్వారీ చేస్తుందని, భక్తుడు ఆమెకు గుర్రమని హైతీవాళ్ళు అంటారు. ఇక్కడ "దయ్యం పట్టింది" అని రాశారేమో చూసుకోండి. మన వాడుకలో దయ్యం పడుతుంది, అమ్మవారు పూనుతుంది. బోనాలు చూసిన ఏ పాఠకుడికైనా ఈ తేడా తెలుసు. కాబట్టి ఇక్కడ 'పూనకం' అనే రాయాలి. అలాగే శవం పక్కన నేలమీద మొక్కజొన్న పిండితో గీసిన బొమ్మ ఉంటే అది 'వెవే' కావచ్చు. దాన్ని ముగ్గు అంటే అలంకారమనుకుంటారు. మన మల్లన్న కొలుపులో ఒగ్గు పూజారులు వేసే పట్నం దీనికి దగ్గర, రెండూ దేవుణ్ణి పిలవడానికి వేసేవే. పేరు మాత్రం వెవే అనే ఉంచండి. పట్నం అంటే కథ కొమురవెల్లికి వచ్చేస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు "దేవతను పిలవడానికి పిండితో వేసే బొమ్మ" అని ఒక్క ముక్క కలిపితే చాలు.

'చేతబడి'ని పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు. వూడూ అంటే భయపడే పక్కింటివాడి నోట, చులకనగా చూసే పోలీసు నోట ఆ మాట రానివ్వండి. కథ చెప్పే గొంతులో, నాయిక ఆలోచనల్లో మాత్రం వద్దు.

ఇక మీరు 'చేతబడి హత్యలు' అని రాసిన 'వూడూ హత్యలు'. ఇది సమాసం కదా, విగ్రహవాక్యం చెప్పి చూడండి. వూడూ చేత జరిగిన హత్యలా? వూడూ కొరకు జరిగినవా? వూడూవాళ్ళ హత్యలా? వూడూ పేరు అడ్డం పెట్టుకుని ఎవరో చేసినవా? విభక్తి దాగిపోయింది కనుక నాలుగు అర్థాలకూ చోటుంది. మీ డిటెక్టివ్ కథ పొడుగునా వెతికేది ఆ విభక్తినే. 'చేతబడి హత్యలు' అని అనువదిస్తే దోషి ఎవరో మొదటి పేజీలోనే చెప్పేసినట్టు.

ఈ జాగ్రత్త మన పత్రికల భాషలో ఉంది. మంత్రాలు చేస్తోందని ఒక ముసలామెను ఊరివాళ్ళు కొట్టి చంపితే "మంత్రాల నెపంతో మహిళ హత్య" అని రాస్తారు. 'చేతబడి అనుమానంతో', 'చిల్లంగి నెపంతో' అన్నవీ అంతే. ఆ 'నెపం' చాలా విలువైన మాట. చనిపోయినామె మీద పడిన నిందను అది ఆమె మీదనుంచి తీసి చంపినవాళ్ళ మీద పెడుతుంది. హైతీలోనూ ఇదే జరిగింది. 2010లో కలరా వ్యాపించినప్పుడు అది వొడూ పూజారుల పనేనని గుంపులు 40 మందికి పైగా చంపేశాయి. 2024 డిసెంబరులో రాజధానిలోని సితే సొలే బస్తీలో తన కొడుకు జబ్బుకు ముసలివాళ్ళ మంత్రాలే కారణమని ఒక ముఠా నాయకుడు 200 మందికి పైగా చంపించాడు. వీటినీ కొందరు 'వూడూ హత్యలు' అనేస్తారు. చచ్చిపోయినవాళ్ళు వూడూవాళ్ళు! నాకు ఈ మాట దగ్గర ఇంత పట్టుదల అందుకే. మీ నవల్లో నిజం తేలేదాకా 'వూడూతో ముడిపడ్డట్టు కనిపిస్తున్న హత్యలు' అనండి. పొడుగనిపిస్తే 'వూడూ గుర్తుల హత్యలు' అనండి. దోషి మరొకడని తేలాక 'వూడూ నెపంతో' అనండి.

వర్ణక్రమం సంగతి. యకారం, వు వూ వొ వోలు తెలుగు మాటలకు మొదట ఉండవని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. మన నోరు ఇంగ్లీషు 'వోట్'ను 'ఓటు'గా మార్చుకున్నది ఆ అలవాటుతోనే. ఆ లెక్కన ఊడూ తప్పు కాదు. కానీ 'ఊడు' అనే క్రియ మనకుంది, పళ్ళు ఊడతాయి, మేకు ఊడుతుంది. చదివేవాడికి అది అడ్డుపడుతుంది. పరభాషా నామం కాబట్టి 'వూడూ' అనే రాయండి.

'నల్ల డిటెక్టివ్' వద్దు. తెలుగులో నల్ల అనేది ఒంటిరంగు. మన ఇళ్ళలో "పిల్ల నలుపు" అంటే పెళ్ళిచూపుల మాట. మీ నాయిక విషయంలో చెప్పవలసింది ఒక సమూహం, దాని చరిత్ర. 2020లో ఒక పెద్ద అమెరికన్ వార్తాసంస్థ ఈ అర్థంలో ఇంగ్లీషు 'బ్లాక్' (Black) మాటను పెద్దక్షరంతో రాయాలని నిర్ణయించింది. మన లిపిలో పెద్దక్షరాలు లేవు. ఆ పని మనకు 'నల్లజాతి' చేస్తుంది. 'నీగ్రో' మన పాత పుస్తకాల్లో మామూలుగానే కనిపిస్తుంది, కానీ 2016లో అమెరికా తన చట్టాల్లోంచే దాన్ని తీసేసింది. పాత్ర అవమానించే చోట తప్ప వాడకండి. హైదరాబాదులో హబ్సిగూడ ఉంది కదా అని 'హబ్షీ' అనడమూ కుదరదు, అది అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మనిషికి పేరు. ఒకసారి నల్లజాతి స్త్రీ అని చెప్పాక పేజీపేజీకీ గుర్తు చేయకండి. తెల్లజాతి ఇన్‌స్పెక్టరును ప్రతిసారీ అలా రాయం కదా.

'డిటెక్టివ్' అనగానే మన పాఠకుడికి కోటు వేసుకున్న ప్రైవేటు మనిషి కనిపిస్తాడు. అమెరికా నగరాల పోలీసుల్లో అది ఒక ఉద్యోగం పేరు. మొదటిసారి 'పోలీసు డిటెక్టివ్' అనండి. ఎస్సైగానో సీఐగానో మార్చకండి. న్యూ ఆర్లియన్స్ ఉన్న లూసియానా రాష్ట్రంలో జిల్లాలాంటి పరిపాలనా విభాగాన్ని 'పారిష్' అంటారు, దాన్ని చర్చి పరిధి అని రాస్తే పొరపాటవుతుంది.

చివరిది క్రియ. తెలుగులో స్త్రీకీ పశువుకూ ఏకవచనంలో క్రియ ఒకటే, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. అది భాష స్వభావం, దానివల్ల అగౌరవం రాదు. అగౌరవం వచ్చేది పోలికలో. మీరు పంపిన పేజీలో పై అధికారి "అన్నారు", నాయిక "అంది". ఇద్దరికీ ఒకే మెట్టు ఉండాలి. అతను అన్నాడు, ఆమె అన్నది. లేదా ఆయన అన్నారు, ఆమె అన్నారు. డిటెక్టివ్ నవల వేగానికి మొదటిదే నప్పుతుంది. కింది ఉద్యోగులు ఆమెతో మాట్లాడే చోట మాత్రం "మేడమ్, మీరు" అనిపించండి.