గాంధీ ఫొటో మీద దొంగ సంతకం: కాలపరిమితి ఏ రోజు నుంచి?

ప్రశ్న: మాది చెన్నై, టి.నగర్. అమెరికన్ ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్‌వైట్ తీసిన రాట్నం ముందు గాంధీజీ ఫొటో, సంతకంతో ఉన్న లిమిటెడ్ ఎడిషన్ ప్రింటును 2023 ఆగస్టులో ఇక్కడి డీలరు దగ్గర 1,80,000 రూపాయలకు కొన్నాను. జైలుకెళ్లొచ్చిన మా తాతగారి గుర్తుగా హాల్లో పెట్టుకున్నాం. 2025 జనవరిలో అద్దం మార్పించబోతే, ఫ్రేముల షాపతను సంతకాన్ని భూతద్దంలో చూపించాడు. గీతంతా చుక్కలే, అంటే అచ్చేసింది! ఆ రోజే డీలరుకు వాట్సాప్ పెడితే, ‘చూద్దాం’ అంటూ తిప్పుతున్నాడు. ఇంటిల్లిపాదీ కుమిలిపోతున్నాం. ప్రింటుతో పాటు డీలరు ఇచ్చిన సర్టిఫికెట్టుతోనే ఆన్‌లైన్‌లో అమ్మేయమని మా బావమరిది సలహా. ఏం చేయాలి?

జవాబు: సంతకం దొంగదని నిరూపించడానికి చేతిరాత నిపుణుడు కూడా అక్కర్లేదు. మీరు పంపిన సర్టిఫికెట్టు నకలు చూడండి: ‘1975లో ముద్రించి ఫొటోగ్రాఫర్ స్వయంగా సంతకం చేసిన 150 ప్రతుల్లో 37వది’. ఫొటో 1946 నాటిది. బర్క్‌వైట్ 1971 ఆగస్టులోనే పోయారు.

మీ కేసు నిలిచినా పోయినా కాలపరిమితి దగ్గరే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ఫిర్యాదు వేయడానికి ఇచ్చేది రెండేళ్లు. కొన్న రోజు నుంచి లెక్కేస్తే 2025 ఆగస్టుకే అయిపోయింది; మోసం తెలిసిన రోజు నుంచయితే 2027 జనవరి దాకా ఉంది. ఎదుటి లాయరు ఏమంటాడో ఇప్పుడే చెప్తాను: ‘సర్టిఫికెట్టు మొదటి రోజు నుంచీ వీరి చేతిలోనే ఉంది, కాస్త వాకబు చేస్తే అప్పుడే తెలిసేది’. మిమ్మల్ని గెలిపించే కాగితమే వాళ్లకూ ఆయుధం. లక్షా ఎనభై వేలు పోసి, ఉన్న ఒక్క కాగితాన్నీ చదవకపోతే ఎలాగండీ?

మనకూ వాదన ఉంది. నిపుణుణ్ణని చెప్పుకున్న డీలరు మాట నమ్మి కొన్న మామూలు మనిషి మీరు. మోసం జరిగితే అది తెలిసిన నాటి నుంచే, లేదా తగిన శ్రద్ధతో తెలుసుకోగలిగిన నాటి నుంచే లెక్క అని సివిల్ దావాలకు లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 చెప్తుంది. వినియోగదారుల కమిషన్ ముందూ అదే సూత్రం ఎత్తుకోవాలి. అందుకు ‘తెలిసిన రోజు’కు రుజువు కావాలి. ఫ్రేముల షాపు బిల్లు వెతకండి. అతను చూసిందేమిటో తేదీతో రాయించి సంతకం తీసుకోండి. ఆ రోజే డీలరుకు వాట్సాప్ పెట్టానన్నారు కదా, ఆ ఫోను అమ్మకండి, చాట్ చెరపకండి. రేపు కోర్టుకెక్కితే, ఆ చాట్‌ను సాక్ష్యంగా చూపడానికి ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన ధ్రువీకరణ, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్టు కూడా జతచేయాలి. అవతల డీలరు ‘చూద్దాం’ అంటున్నంత కాలం గడువేమీ ఆగదు.

బావమరిది మాట మాత్రం చచ్చినా వినకండి. దొంగదని తెలిసీ అసలుదని అమ్మితే ముద్దాయి మీరే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష. అమ్మకపోయినా, ప్రకటన ఒక్కటి పెట్టారంటే చాలు, ‘లాభానికి అమ్ముకోవడానికి కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అని పట్టుకుంటారు.

డబ్బు వడ్డీతో వాపసివ్వాలని 15 రోజుల గడువుతో లాయరు నోటీసు పంపించండి. ‘ప్రింటు తెండి, పరీక్ష చేయిస్తాం’ అంటే ఇవ్వొద్దు, మీ ఇంటికే వచ్చి చూసుకోమనండి. స్పందన లేకపోతే చెన్నై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించింది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. కొన్న తేదీతో లెక్కేస్తారేమోనని, ఆలస్యాన్ని మన్నించమనే పిటిషను కూడా సెక్షన్ 69(2) కింద అదే రోజు జతచేయించండి.